వెనక పెరట్లో డెక్: బిల్డింగ్ పర్మిట్ ఒక్కటే సరిపోదండీ

మసాచుసెట్స్‌లో మీ ఇంటి వెనక డెక్‌కి (చెక్క అరుగుకి) బిల్డింగ్ పర్మిట్ చాలని కాంట్రాక్టర్, చిత్తడి నేలల రక్షణ చూసే కన్సర్వేషన్ కమిషన్‌ను అడగమని టౌన్ వాళ్లు అంటున్నారు, ఎవరి మాట వినాలి అన్నారు కదా. టౌన్ మాటే వినండి. చిత్తడి నేల అంచు నుంచి 100 అడుగుల లోపు తవ్వకం సాధారణంగా ముందు ఆ కమిషన్ దృష్టికి వెళ్లాలి. ఏడాది పొడుగునా పారే వాగైతే చాలాచోట్ల 200 అడుగులు.

అంచు అంటే నీళ్లు కనిపించే చోటు కాదు, మనవాళ్లు పొరపడేది ఇక్కడే. ఆగస్టులో ఎండిపోయి ఉన్నా సరే, అక్కడి మొక్కలూ మట్టీ చూసి నిపుణుడు కొమ్మలకు రంగు రిబ్బన్లు కట్టుకుంటూ పోతాడు. టేపు ఆ రిబ్బన్ నుంచి పట్టాలి.

చిన్న డెక్కే కాబట్టి, ముందు ‘రాష్ట్ర చిత్తడి నేలల రక్షణ చట్టం నా పనికి వర్తిస్తుందా’ అని తేల్చమనే దరఖాస్తు పెట్టండి. కమిషన్ 21 రోజుల్లో చెప్పాలి. వర్తిస్తుందంటే పూర్తి దరఖాస్తు, ఇరుగుపొరుగుకు నోటీసులు, బహిరంగ విచారణ ఉంటాయి. టెన్షన్ పడకండి, అడిగినదానికి ప్లాన్ చూపించి జవాబు చెప్పడమే.

షరతులతో అనుమతి ఆర్డర్ వచ్చాక 10 పనిదినాల అప్పీలు గడువు దాటాలి, ఆ ఆర్డర్‌ను రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లో (ఆస్తి పత్రాలు నమోదు చేసే ఆఫీసులో) నమోదు చేయించాలి. ఆ తర్వాతే గునపం పట్టాలి. పని పూర్తయ్యాక, ఆర్డర్ ప్రకారమే చేశారని కమిషన్ ఇచ్చే కంప్లయన్స్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి. మా స్నేహితుడు అది మరిచిపోయి, ఇల్లు అమ్మే వారంలో పరుగులు పెట్టాడు.

అన్నట్టు, మీ టౌన్ బైలా (స్థానిక నిబంధన) ఒకసారి చదవండి. కొన్ని ఊళ్లలో అది రాష్ట్ర చట్టం కంటే గట్టిగా ఉంటుంది.