సేబర్ పట్టిన మా అమ్మాయికి

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేదు. డిగ్రీ చదువుతూనే ఫెన్సింగ్‌లో, అదీ కత్తి అంచుతో కూడా కొట్టే సేబర్ విభాగంలో, సీనియర్ అంతర్జాతీయ పోటీల్లోకి దిగొచ్చా, దిగితే నిలదొక్కుకోడానికి ఎన్నాళ్లు పడుతుంది అన్నావు. పక్కనుంచి మీ అమ్మ "ముందు ఖర్చు సంగతి చెప్పక్కా" అంది. రెండూ సరైన ప్రశ్నలే. నేషనల్స్ ఆడినదాన్ని, ఆ తర్వాత చాలాకాలం పిల్లలకి నేర్పినదాన్ని, జూనియర్ జట్ల వెంట బయటి దేశాలు తిరిగినదాన్ని. నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను. తల్లీకూతుళ్లు కలిసి చదవండి.

దిగొచ్చు. కాకపోతే ఎన్నేళ్లన్న లెక్క మనసులో పెట్టుకుని దిగాలి. భవానీదేవి ఫొటో నీ గదిలో ఉంది కదా, ఆమె పతకాలు నీకు కంఠతా వచ్చు. ఆ పతకాల మధ్య ఎన్నేళ్లు గడిచాయో ఒకసారి చూడు. 2004లో చెన్నైలో స్కూల్లో మొదలుపెట్టింది. కరెంటు కత్తులు కొనే స్థోమత లేక వెదురు కర్రలతో సాధన చేసింది. 2009లో కామన్‌వెల్త్ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం, 2014లో ఆసియా అండర్-23లో రజతం, 2017లో ఐస్‌లాండ్‌లో శాటిలైట్ టోర్నీ (ప్రపంచకప్ కంటే కింది మెట్టు పోటీ) స్వర్ణం. ఒలింపిక్స్ బరిలో దిగిన తొలి భారత ఫెన్సర్‌గా టోక్యోలో అడుగుపెట్టేసరికి ఆమెకి 27 ఏళ్లు. 2023లో చైనాలోని వూషీలో ఆసియా ఛాంపియన్‌షిప్ క్వార్టర్‌ఫైనల్లో అప్పటి ప్రపంచ ఛాంపియన్, జపాన్ అమ్మాయి మిసాకి ఎమురాని 15-10తో ఓడించి మన దేశానికి ఈ టోర్నీలో మొదటి పతకం తెచ్చింది. కత్తి పట్టిన 19 ఏళ్లకి! నీ వయసే అంత. మధ్యలో డబ్బుల్లేక ఆట మానేద్దామనుకున్న రోజులూ ఆమెకి ఉన్నాయి.

ఇది నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇరవై రెండేళ్లకే ఏదో ఒకటి తేలిపోవాలన్న తొందర మన ఇళ్లలో ఎక్కువ. సేబర్‌కి ఆ తొందర పనికిరాదు. అలాగని చిన్న వయసులో కుదరదనీ కాదు. మహిళల సేబర్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2004 ఏథెన్స్‌లో. అప్పుడు అమెరికా అమ్మాయి మారియల్ జగూనిస్‌కి 19 ఏళ్లు. తన ర్యాంకుతో నేరుగా చోటు దక్కలేదు, వేరే దేశం వదులుకున్న చోటు ఆమెకి వచ్చింది. వచ్చిన ఆ చోటుతోనే స్వర్ణం కొట్టింది. పిలుపు వచ్చేనాటికి తయారుగా ఉంది, అందుకే కొట్టింది.

ఇక అసలు మాట. ఈ కెరీర్‌లో నువ్వు కూడబెట్టుకోవాల్సినది నీకంటే మెరుగైన అమ్మాయిలతో ఆడిన బౌట్లు, అంటే ఒక్కొక్కరితో ముఖాముఖి ఆడిన ఆటలు. పతకాలు, ర్యాంకులు వాటి వెనకే వస్తాయి. మన దగ్గర నీతో సమంగా సేబర్ ఆడే అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. రోజూ వాళ్లతోనే ఆడితే వాళ్ల అలవాట్లు నీకు, నీ అలవాట్లు వాళ్లకి తెలిసిపోతాయి. గెలుస్తూనే ఉంటావు, కానీ ఎదగవు. భవాని పదో తరగతి అయ్యాక ఇల్లు వదిలి కేరళలోని తలస్సేరిలో ఉన్న సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్‌కి వెళ్లింది. అక్కడ కోచ్ సాగర్ లాగూ దగ్గర నేర్చుకుని, తర్వాత ఇటలీలో నికోలా జనోట్టి దగ్గరికి, టోక్యో తర్వాత ఫ్రాన్స్‌కి వెళ్లింది. ప్రతిసారీ తను ఓడిపోయే చోటు వెతుక్కుంటూ వెళ్లిందనిపిస్తుంది నాకు. నీకూ అదే చెప్తాను. ఏ క్యాంపుకి వెళ్లాలా అని ఆలోచన వచ్చినప్పుడు, ఎక్కడ ఎక్కువ దెబ్బలు తింటావో అక్కడికి వెళ్లు.

ప్రపంచకప్‌లో కొత్తవాళ్లు పొరపడేది పూల్స్‌లో, అంటే మొదటి దశ గ్రూపుల్లో. ర్యాంకింగ్‌లో మొదటి 16 మందికి పూల్స్ ఉండవు, వాళ్లు నేరుగా 64 మంది నాకౌట్ టేబుల్లో ఎదురుచూస్తుంటారు. మిగతావాళ్లని ఆరేడుగురు చొప్పున పూల్స్‌గా విడగొడతారు. ఒక్కొక్కరితో 5 టచ్‌ల బౌట్, కత్తి తగిలి పాయింటు వస్తే ఒక టచ్. సేబర్‌లో ఇది నిమిషం కూడా పట్టదు, చెమట పట్టేలోపే అయిపోతుంది. పూల్స్ అయ్యాక ముందు గెలుపుల నిష్పత్తి చూస్తారు, అది సమానమైతే నువ్వు కొట్టిన టచ్‌లలోంచి నీ మీద పడ్డ టచ్‌లు తీసేసి చూస్తారు. కాబట్టి 1-5తో ఓడటం వేరు, 4-5తో ఓడటం వేరు. 0-4లో ఉన్నప్పుడు మన పిల్లలు చాలామంది ఆ బౌట్ వదిలేసి తర్వాతి అమ్మాయి గురించి ఆలోచిస్తుంటారు. నువ్వు అలా చెయ్యకు. అక్కడ లాక్కొచ్చిన రెండు టచ్‌లు సాయంత్రం నీకు ఎవరు ఎదురుపడాలో మార్చేస్తాయి. పూల్‌కి ముందు ఒళ్లు పూర్తిగా వేడెక్కాలి, ఎవరో ఒకరితో రెండు మూడు ఉత్తుత్తి బౌట్లు ఆడి ఉండాలి. మొదటి బౌట్‌నే వార్మప్ చేసుకుంటే అది చేజారినట్టే.

టైమ్ గురించి కూడా ఇక్కడే చెప్తాను. 2007లో టర్కీలో తన మొట్టమొదటి అంతర్జాతీయ పోటీకి భవాని మూడు నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. బ్లాక్ కార్డ్ చూపించి బయటికి పంపేశారు. అంత దూరం వెళ్లి కత్తి ఎత్తకుండానే వెనక్కి! నీ పూల్ ఏ పిస్ట్ (బౌట్ ఆడే పొడవాటి పట్టీ) మీదో ముందురోజు రాత్రే చూసుకో, పొద్దున మళ్లీ చూసుకో, మారుస్తుంటారు.

ఆట విషయానికొస్తే, నీ వీడియోలు చూశాను. చెయ్యి బాగుంది, అడుగు తొందరపడుతోంది. ఇద్దరి మధ్య 4 మీటర్లు, రిఫరీ "అలే" అనగానే ఇద్దరూ ముందుకే వస్తారు. ఆ మొదటి రెండడుగుల్లోనే సగం టచ్‌లు తేలిపోతాయి. నువ్వు ప్రతిసారీ ఒకే వేగంతో వస్తున్నావు. నాలుగోసారికల్లా ఎదుటి అమ్మాయి నీ రాక పసిగట్టేస్తుంది. ఒకసారి పొడవుగా, ఒకసారి పొట్టిగా, ఒకసారి మొదలుపెట్టి ఆగి, ఆమె చెయ్యి చాపనిచ్చి ప్యారీ చెయ్యి, అంటే ఆమె కత్తిని నీ కత్తితో అడ్డుకో. వారంలో ఒకరోజు కత్తి పక్కన పెట్టి ఈ రెండడుగులే సాధన చెయ్యి. విసుగ్గానే ఉంటుంది, అయినా చెయ్యి.

మీ అమ్మ కోసం ఒక మాట. సేబర్‌లో కత్తి తగిలితే లైటు వెలుగుతుంది. ఇద్దరివీ తగిలి రెండు లైట్లూ వెలిగితే ముందు ఎవరు తాకారని చూడరు, దాడి హక్కు ఎవరిదని చూస్తారు. ఆ నిర్ణయం రిఫరీది. అందుకే రిఫరీని చదవడం కూడా ఆటలో భాగం. నీ బౌట్‌కి ముందు అదే పిస్ట్ మీద అదే రిఫరీ చేస్తున్న బౌట్లు నిలబడి చూడు. చెయ్యి ఆలస్యంగా చాపినా దాడి ఇస్తున్నాడా, ఇద్దరూ కలిసి వస్తే ఎన్నిసార్లు టచ్ లేదంటున్నాడు, గమనించు. రిఫరీ నిర్ణయాన్ని వీడియోలో మళ్లీ చూడమని అడిగే అవకాశాలు పరిమితం, నీ మాట సరైనదని తేలితే ఆ అవకాశం నీకే మిగులుతుంది. కోపంలో అడగొద్దు. ఖాయంగా తెలిసినప్పుడే అడుగు.

15 టచ్‌ల ఎలిమినేషన్ (నాకౌట్) బౌట్‌లో ఎవరో ఒకరు 8కి చేరగానే నిమిషం విరామం ఇస్తారు. ఆ నిమిషంలో స్కోరు గురించి మాట్లాడకు, ఏ ఒక్కటి మార్చాలో అదొక్కటే అనుకో. టోక్యోలో భవాని ఫ్రాన్స్‌కి చెందిన మానోన్ బ్రూనే మీద విరామానికి 2-8తో వెనకబడింది. వచ్చాక 5 టచ్‌లు కొట్టింది, 7-15తో ఓడింది. ఆ బ్రూనేయే తర్వాత పారిస్‌లో స్వర్ణం గెలిచింది. అదే పారిస్‌లో ఉక్రెయిన్‌కి చెందిన ఓల్గా ఖార్లాన్ కాంస్య పోరులో 5-11తో వెనకబడి, కొరియా అమ్మాయిని 15-14తో ఓడించింది. ఆ బౌట్ చివరి పది టచ్‌లు ఒక్కొక్కటీ ఆపుకుంటూ చూడు. ఆమె వేగం పెంచలేదు, దూరం మార్చింది.

సామాను విషయంలో నువ్వు కాస్త అశ్రద్ధ. బాడీ వైర్లు రెండు, మాస్క్ వైర్లు రెండు, పరీక్ష చేసిన కత్తులు కనీసం రెండు ఉండాలి. పనిచెయ్యని కత్తితో పిస్ట్ ఎక్కితే ఎల్లో కార్డ్. పైన వేసుకునే లోహపు దారాల లామే జాకెట్‌ని చెమటతో అలాగే బ్యాగులో కుక్కేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ ఉప్పుకి ఆ దారాలు చంక దగ్గర, మెడ దగ్గర పచ్చబడి చచ్చిపోతాయి. అక్కడ తగిలితే లైటు వెలగదు, వెపన్ చెకింగ్‌లో తిప్పి పంపుతారు. ఇంటికి రాగానే హ్యాంగర్‌కి తగిలించు, అప్పుడప్పుడు గోరువెచ్చని నీళ్లలో చేత్తో పిండకుండా జాడించి నీడన ఆరెయ్యి. కరెంటు పారుతోందో లేదో చూసే చిన్న మల్టీమీటర్ ఒకటి కొనుక్కో, హోటల్ గదిలోనే చూసుకోవచ్చు.

ఇప్పుడు ఖర్చు, చెల్లీ. అంతర్జాతీయ పోటీలకి ఎఫ్ఐఈ (అంతర్జాతీయ ఫెన్సింగ్ సమాఖ్య) ముద్ర ఉన్న జాకెట్, దాని లోపల వేసుకునే రక్షణ ప్లాస్ట్రన్, ప్యాంటు, మాస్క్ తప్పనిసరి, దాదాపు అన్నీ బయటి నుంచి తెప్పించేవే. లామే, గ్లవ్, రెండు కత్తులతో కలిపి లక్ష రూపాయల దగ్గరికి వెళ్తుంది. అసలు బరువు మాత్రం టికెట్లు, వీసాలు, గదులది. అందుకే మొదటి రెండేళ్లు కనబడ్డ టోర్నీకల్లా పంపకు. ఆసియా పోటీలు, మన ఖర్చుకి అందే ప్రపంచకప్‌లు కొన్ని, యూరప్‌లో ఒక శాటిలైట్ దాని పక్కనే ఒక క్లబ్‌లో రెండు మూడు వారాల సాధన, ఇలా కలిపి వెయ్యి. టోర్నీలో మొదటి రౌండ్‌లోనే ఓడినా ఆ క్లబ్ సాధన మిగులుతుంది. ఖేలో ఇండియా, సాయ్, రాష్ట్ర ప్రభుత్వం, గోస్పోర్ట్స్ లాంటి ఫౌండేషన్లు సాయం చేస్తాయి కానీ కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నవాళ్లకే. ప్రతి పోటీ ఫలితం, ర్యాంకింగ్ పేజీ, బిల్లులు తేదీలవారీగా ఫైలులో పెట్టు. నగలు తాకట్టు పెట్టే దాకా రానివ్వకు, ముందే నాతో మాట్లాడు.

ఒంటి సంగతి. సేబర్‌లో ముందు కాలు, వెనక మడమ, మణికట్టు ఎక్కువ అరుగుతాయి. కుడితొడ ఎడమతొడ కంటే లావెక్కుతోందంటే రెండో వైపు కసరత్తు తక్కువైందని అర్థం. నెలసరి తేదీలు డైరీలో రాసుకో, కోచ్ మగవాడని మొహమాటపడకు. తప్పిపోతోందంటే తిండి చాలడం లేదేమో, డాక్టర్‌కి చూపించు. ఏడాదికోసారి ఐరన్ పరీక్ష చేయించు. జలుబు మందైనా, ఎవరో మంచిదని ఇచ్చిన ఆయుర్వేద పొడైనా, డోపింగ్ జాబితాలో ఉందో లేదో చూడకుండా నోట్లో వేసుకోకు.

చదువు మానొద్దు. దూరవిద్యలోకి మారినా పర్వాలేదు, డిగ్రీ పూర్తి చెయ్యి. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి అదే అడుగుతారు, జీతం వస్తుంటే ఓడిపోవడానికి టెన్షన్ ఉండదు.

వచ్చే నెల క్యాంప్ నుంచి పూల్ బౌట్లన్నీ మొత్తం రికార్డు చేయించి పంపు. గెలిచినవి తర్వాత చూద్దాం, ముందు ఓడినవి పంపు. ఆదివారం సాయంత్రం ఇద్దరం ఫోన్‌లో కూర్చుని చూద్దాం.

నీ పెద్దమ్మ