చంటిపిల్లల టీకాలు: పేట సంఘాలు, బట్టీ యజమానులు, అమ్మమ్మలు అడిగినవి

ఈ నెల విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో టీకాల మీదే ఎక్కువ. డాక్టరు చూసి చెప్పాల్సినవి డాక్టర్లకే వదిలేసి, ఇంట్లోనో పేటలోనో మనం చెయ్యి వేయగలిగిన వాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా యువజన సంఘంలో 22 మందిమి. పిల్లల టీకాల మీద ర్యాలీ తీసి, నాలుగు సెంటర్లలో ఫ్లెక్సీలు కట్టాలని 18 వేలు పోగుచేశాం. ఇంకేమైనా చేయొచ్చా?
— సంఘం కార్యదర్శి, చిట్టినగర్, విజయవాడ

జవాబు: ఫ్లెక్సీలకు ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వకండి. టీకా మంచిదని తెలియని తల్లి మీ పేటలో దొరకడం కష్టం. బిడ్డలు జారిపోయేది మరోచోట. డ్యూ లిస్టులో, అంటే ఏ బిడ్డకు ఏ టీకా బాకీ ఉందో ఏఎన్ఎం రాసుకునే జాబితాలో, అసలు పేరే ఉండదు. పేరున్నా టీకా రోజున తల్లి పనిలోకి వెళ్లాలి. లేదా మొదటి సూదికి జ్వరమొచ్చిందని ఇంట్లో పెద్దవాళ్లు ‘ఇక చాల్లే’ అనేస్తారు. మీకు మనుషులున్నారు కాబట్టి ఇంటింటి లెక్క తీయండి.

ముందు వార్డు సచివాలయంలో ఏఎన్ఎంనీ, మీ పట్టణ ఆరోగ్య కేంద్రం మెడికల్ ఆఫీసర్నీ కలవండి. వాళ్లకు చెప్పకుండా మొదలుపెడితే మీ లెక్క మీ పుస్తకంలోనే ఉండిపోతుంది. మీ పేట హద్దులు వాళ్ల టీకా సెషన్ల ప్రణాళిక అయిన మైక్రోప్లాన్‌లో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో కాగితం మీద గీయించుకోండి. రెండు సచివాలయాల మధ్య సందు, కాలవ గట్టు మీది గుడిసెలు, కట్టుబడిలో ఉన్న అపార్టుమెంటు వాచ్‌మన్ గది, కొండ మీద చివరి వరస ఇళ్లు: ఇవి ‘పక్కవాళ్లవి’ అని ఇద్దరూ వదిలేసే చోట్లు. మొదట అక్కడికే వెళ్లండి.

ఇద్దరిద్దరు జట్టుగా, జట్టుకు 60, 70 ఇళ్ల చొప్పున పంచుకోండి. ప్రతి జట్టులో ఒక ఆడమనిషి ఉండాలి. మీ సంఘంలో అందరూ మగపిల్లలే అయితే పట్టణ పొదుపు సంఘాలను చూసే మెప్మా ఆర్పీని (రిసోర్స్ పర్సన్) అడగండి, పొదుపు సంఘాల నుంచి పంపుతారు. ఒక పూట ఆదివారం ఉదయం, తాళం ఉన్న ఇళ్లకు మరో పూట సాయంత్రం పెట్టుకోండి. ‘మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా’ అంటే ఇంటావిడ లేరనే చెబుతుంది, వెనక పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లు ఆమె లెక్కలోకి రారు. ‘ఈ గేటు లోపల ఎన్ని పొయ్యిలు?’ అని అడిగి, పొయ్యికి ఒక వరస రాయండి. రెండేళ్ల లోపు బిడ్డ పేరు (బారసాల కాకపోతే తల్లి పేరు), పుట్టిన తేదీ, తల్లి ఫోను, చివరి టీకా తేదీ, ఎక్కడ వేయించారు, కార్డు కళ్లతో చూశారా లేదా. గర్భిణులుంటే పురుడు తేదీ. ‘అన్నీ వేయించాం’ అన్న మాటను కార్డు చూడకుండా రాసుకోకండి. ప్రైవేటు ఆసుపత్రి పుస్తకమైనా సరే, అదీ కార్డే. అక్కడ వేసినవి సర్కారు లెక్కలోకి ఎక్కక, ఆ బిడ్డ డ్యూ లిస్టులో ‘తప్పినవాడు’గా కనిపిస్తుంటాడు.

తర్వాత ఏఎన్ఎం పక్కన కూర్చుని రెండు జాబితాలూ సరిపోల్చండి. పెంటా అంటే అయిదు జబ్బులకు కలిపి వేసే సూది, నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలలకు మూడు డోసులు. అది ఒక్కటీ పడనివాళ్లను విడిగా తీయండి. ఆరోగ్య శాఖ వీళ్లనే జీరో డోస్ పిల్లలంటుంది. మొదటి పెంటా పడి మూడోది పడనివాళ్లు ఇంకో వరస. దీనికో చిన్న లెక్క ఉంది. 40 మందికి మొదటిది పడి, 33 మందికి మూడోది పడితే ఏడుగురు జారినట్టు, అంటే 17.5 శాతం. 10 శాతం దాటితే టీకా వేసే చోటో, వేళో, అక్కడి మాటతీరో తల్లులకు కుదరడం లేదని అర్థం చేసుకోవాలి. జీరో డోస్ ఎక్కువుంటే తప్పు జాబితాది. ఈ లెక్కలోకి మూడున్నర నెలలు నిండిన పిల్లల్నే తీసుకోండి. రెండు నెలల బిడ్డను కూడా కలిపితే లేని లోపం కనిపిస్తుంది.

మీ 18 వేలకు పని ఇక్కడుంది. టీకా వేశాక అరగంట అక్కడే ఉండాలి. ఎండలో నిలబడలేకే తల్లులు వెళ్లిపోతారు. షామియానా, పది కుర్చీలు, మంచినీళ్లు పెట్టండి. కొండ మెట్లు దిగి రావాల్సిన బాలింతలకు కింద నుంచి ఆటో మాట్లాడండి. మెట్ల సగంలో ఎవరింటి వరండా అయినా దొరికితే అక్కడే సెషన్ పెట్టమని మెడికల్ ఆఫీసర్ని అడగండి. ముందురోజు సాయంత్రం ఇంటికెళ్లి చెప్పండి. టీకా రోజున 11 గంటలకు, ఇంకా రానివాళ్ల పేర్లు ఏఎన్ఎం నుంచి తీసుకుని మళ్లీ వెళ్లండి. తల్లుల ఫోన్ నంబర్లున్న పేజీని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి వచ్చింది. బాబుకి నెలన్నర సూదులు ఇక్కడే వేయించాం. ఒకేసారి మూడు చోట్ల పొడిచారు, రాత్రంతా జ్వరం. మూడో నెలలో విజయవాడ అత్తారింటికి పంపాలి. మిగతావి అక్కడ వేస్తారా? అన్నీ ఒక్కరోజే వేయాలా?
— ఓ అమ్మమ్మ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వేస్తారమ్మా. దేశంలో ఏ సర్కారు కేంద్రంలోనైనా, ఏ ఊరి కార్డు ఉన్నా వేయాల్సిందే. కానీ మీరడిగిన చోటే చాలామంది పిల్లలు తప్పిపోతున్నారు. నెలన్నర, రెండున్నర నెలలు పుట్టింట్లో గడుస్తాయి, మూడున్నర నెలల వేళకు ప్రయాణం. ‘వెళ్లిపోయారు’ అని ఇక్కడి ఆశా కొట్టేస్తుంది. బిడ్డ వచ్చిన సంగతి అక్కడి ఆశాకు తెలియదు. కాబట్టి బయల్దేరే ముందు ఇక్కడి ఏఎన్ఎంకి కొత్త చిరునామా చెప్పండి. అక్కడికి చేరిన వారంలో అల్లుడుగారినైనా సచివాలయానికి పంపి పేరు రాయించండి. బిడ్డ వివరాలు సర్కారు టీకాల ఆన్‌లైన్ నమోదు అయిన యూ-విన్‌లో ఏ ఫోను నంబరు మీద ఎక్కించారో అడిగి కార్డు వెనక రాసుకోండి. మీ నంబరు ఇచ్చి ఉంటే మెసేజీలన్నీ మీకే వస్తాయి, అమ్మాయికి తెలియదు.

మూడు సూదులూ ఒకే రోజు వేయొచ్చు. ఎడమ తొడకు పెంటా, కుడి తొడకు న్యుమోనియా టీకా, కుడి భుజానికి పోలియో సూది. దీంతోపాటు పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండా రోటా చుక్కలు. రెండున్నర నెలలకు సూది ఒక్క పెంటాయే. మూడున్నర నెలలకు మళ్లీ మూడూ. ‘ఇవాళ ఒకటి, వచ్చే వారం ఒకటి’ అని విడదీస్తే రెండో ప్రయాణం జరగదు. ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. డోసుల మధ్య కనీసం నాలుగు వారాలుండేలా ఆగినచోటు నుంచే కొనసాగిస్తారు.

పెంటాకు జ్వరం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. వస్తే పారాసిటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి ఇవ్వొచ్చు. ఇక్కడ ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. డ్రాప్స్ సీసాలో సాధారణంగా 1 మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉంటాయి. అయిదు కిలోల బిడ్డకు 60 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే డ్రాప్స్ అయితే 0.6 మిల్లీలీటరు, సిరప్ అయితే 2.4. సిరప్ కొలత డ్రాప్స్‌కి వాడితే నాలుగింతలు పడుతుంది. సీసా మీద అంకె చదవండి, అర్థం కాకపోతే మందుల షాపులోనే సిరంజి మీద గీత పెట్టించుకోండి. సూది వేసినచోట పసుపు, సున్నం, వేడి కాపడం వద్దు, చల్లని తడిగుడ్డ చాలు. మూడు గంటలు దాటినా ఏడుపు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఇబ్బందైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: పాపకు తొమ్మిది నెలలు నిండాయి. ‘పదిమంది వస్తేనే సీసా విప్పుతాం, వచ్చే వారం రండి’ అని రెండుసార్లు తిప్పి పంపారు. ఇది రూలేనా?
— ఓ తల్లి, కృష్ణలంక, విజయవాడ

జవాబు: కాదు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా విప్పాలన్నదే జాతీయ కార్యక్రమం నిబంధన. సిబ్బంది ఎందుకు జంకుతారంటే ఎంఆర్ (తొమ్మిది నెలలకు వేసే తట్టు, రుబెల్లా టీకా), బీసీజీ (క్షయ టీకా) పొడి మందులు. నీటిలో కలిపాక చెడిపోకుండా నిలిపే రసాయనం వాటిలో లేదు కాబట్టి నాలుగు గంటల్లో పారేయాలి. పది డోసుల సీసాలో తొమ్మిది పారబోసి లెక్క చెప్పడం వాళ్లకు కష్టంగా ఉంటుంది. ఆ వృథాను ముందే లెక్కగట్టే సరఫరా చేస్తారు. పెంటాకైతే ఆ సాకు కూడా లేదు. విప్పిన సీసాను నిబంధనల ప్రకారం చల్లగా ఉంచితే 28 రోజుల వరకు వాడొచ్చు.

మళ్లీ వెళ్లినప్పుడు గొడవ పడక్కర్లేదు. మెడికల్ ఆఫీసర్ని కలిసి ‘ఒక్క బిడ్డకైనా విప్పాలి కదండీ’ అనండి. మీ వీధిలో తొమ్మిది నెలలు నిండినవాళ్లు, ఏడాదిన్నరకు రెండో ఎంఆర్ బాకీ ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, అందరూ ఒకే రోజు వెళితే ఇంకా మంచిది. అంతమంది దొరకలేదని మీరు మాత్రం ఆగకండి. తట్టు అంత సులువుగా అంటుకునే జబ్బు ఇంకోటి లేదు, పేటలో 95 శాతం మందికి రెండు డోసులూ పడితేనే ఆగుతుంది.

ప్రశ్న: మా ఇటుకబట్టీలో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు పాతిక దాకా ఉన్నాయి. ఏఎన్ఎం ఒకసారి వచ్చి, ఎవరూ రాలేదని వెళ్లిపోయారు. నేనేం చేయగలను?
— బట్టీ యజమాని, గుంటూరు సమీపం

జవాబు: మీరు చేయగలిగింది చాలా ఉంది. వీళ్లకు కూలి వెయ్యి ఇటుకల లెక్కన. పూట పోతే ఇటుకలు పోతాయి, అందుకే రాలేదు. టీకా పూటకు తల్లికి సగం రోజు కూలి ఇస్తానని ముందే చెప్పండి. పని ఏ వేళకు ఆగుతుందో ఏఎన్ఎంకి చెప్పి ఆ వేళకు రమ్మనండి.

వాళ్లు దిగిన వారంలోనే అయిదేళ్ల లోపు పిల్లల పేర్లు, వయసులు రాసి సచివాలయంలోనూ ఆరోగ్య కేంద్రంలోనూ ఇవ్వండి. బట్టీని మైక్రోప్లాన్‌లో హైరిస్క్ ప్రాంతంగా రాయమనండి, అప్పుడు సెషన్ దానంతటదే పడుతుంది. తేదీలు చూడండి: ఇవాళ ఒకటి, 28వ రోజున రెండోది, 56వ రోజున మూడోది. డిసెంబరు మొదట్లో మొదలుపెడితే ఫిబ్రవరికల్లా మూడు పెంటాలూ అయిపోతాయి. మార్చిలో గుర్తొస్తే మూడోదాని వేళకు వాళ్లు సామాను సర్దుకుంటుంటారు. మిరప కోతలకు కొద్ది వారాలే వచ్చే కుటుంబాలకు ఈ లెక్క కుదరదు. ఆ పూట ఏది బాకీ ఉంటే అది వేయించి, కార్డు చేతికివ్వాలి.

భాష రాదని కూలీలను తెచ్చిన సర్దారునే అన్నిటికీ నమ్ముకోకండి. అతను చెప్పేది మగవాళ్లకే చేరుతుంది. తెలుగు కాస్త వచ్చిన ఒక తల్లిని ఏఎన్ఎం పక్కన నిలబెట్టండి. కార్డులు బట్టీ ఆఫీసులో దాచడం కొందరికి అలవాటు. సీజన్ అయిపోయిన రోజు అవి అక్కడే మిగిలిపోతాయి. వాళ్ల దగ్గరే ఉంచండి, ఒక ఫొటో మాత్రం మీరు తీసుకోండి.

ప్రశ్న: మసీదు మైకులో టీకాల గురించి చెప్పమని ఆరోగ్య కేంద్రం వాళ్లు అడిగారు. ఉపయోగం ఉంటుందా?
— కమిటీ సభ్యుడు, గుంటూరు

జవాబు: ఉంటుంది, ప్రసంగం చేయకపోతే. ‘రేపు బుధవారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు, మన బడి పక్క అంగన్‌వాడీలో టీకాలు. నెలన్నర, రెండున్నర, మూడున్నర, తొమ్మిది నెలలు, ఏడాదిన్నర పిల్లల్ని తీసుకురండి. కార్డు తెచ్చుకోండి. డబ్బు కట్టక్కర్లేదు.’ ఇంతే. ముందురోజు సాయంత్రం ఒకసారి, ఆ ఉదయం ఒకసారి. చర్చిలో, రామాలయంలో కూడా ఇదే కాగితం ఇవ్వండి.

వద్దనే ఇంటికి మైకు పనిచేయదు. అక్కడ నిర్ణయం ఎవరిదో ముందు తెలుసుకోండి. చాలాచోట్ల తల్లిది కాదు, నానమ్మదో తండ్రిదో. కారణం అడిగి, పూర్తిగా విని, వాళ్లు నమ్మే మనిషిని వెంటబెట్టుకుని రెండోసారి వెళ్లండి. ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కలు వద్దన్న ఇళ్లు తలుపు తీసింది ఇమాములు, స్థానిక మహిళలు వెంట నడిచాకే. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు లేదు.

ప్రశ్న: మా కాలనీల సమాఖ్య అధికారుల దృష్టికి తీసుకెళ్లాలంటే ఎవరికి రాయాలి?
— కార్యవర్గ సభ్యురాలు, విజయవాడ

జవాబు: జిల్లా స్థాయిలో కలెక్టరు అధ్యక్షతన, నగరంలో మున్సిపల్ కమిషనర్ అధ్యక్షతన టీకాల టాస్క్‌ఫోర్సులుంటాయి. సమావేశానికి వారం ముందు జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసరుకు ఒక పేజీ ఇవ్వండి. ‘అవగాహన పెంచాలి’ అని రాస్తే మినిట్స్‌లో ఎక్కి అక్కడే ఆగుతుంది. ఏ శాఖ దగ్గర ఏ జాబితా ఉందో చూసి అడగండి. జనన నమోదు విభాగం నుంచి వారం వారం పుట్టిన పిల్లల చిరునామాలు, టౌన్ ప్లానింగ్ నుంచి కట్టుబడిలో ఉన్న భవనాలు, కార్మిక శాఖ నుంచి కూలీల క్యాంపులు, ఐసీడీఎస్ నుంచి అంగన్‌వాడీలో నమోదై టీకా లేని పిల్లలు, పిల్లల డాక్టర్ల సంఘం నుంచి ప్రైవేటులో వేసిన డోసులు. ప్రతిదానికి ఎవరు, ఏ తేదీలోగా అన్నది మినిట్స్‌లో రాయించండి. తర్వాతి సమావేశంలో మొదటి ప్రశ్న అదే వేయండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో పాప టీకా కార్డు కొట్టుకుపోయింది. అప్పుడు ఏడు నెలలు. ఆ తర్వాత ఏమీ వేయించలేదు. ఇప్పుడేం చేయాలి?
— ఓ తండ్రి, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ముందు వివరాలు వెతకండి. తల్లి ఆధార్, గర్భిణిగా నమోదైనప్పటి ఫోను నంబరు తీసుకుని ఏఎన్ఎం దగ్గరికి వెళితే రిజిస్టరులోనో, కంప్యూటరులోనో దొరకొచ్చు. పురుడు పోసిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో పుట్టినప్పటి టీకాలుంటాయి. ఏ ఆధారమూ లేని డోసును వేయనట్టే లెక్కపెట్టాలి. ఒకటి ఎక్కువ పడితే నష్టం లేదు.

ఎంఆర్ ఎలాగూ బాకీ. వెంటనే ఒకటి, నాలుగు వారాలకు రెండోది. అయిదేళ్లు నిండేదాకా వేస్తారు. మొదటి పుట్టినరోజు లోపు ఒక్క పెంటా పడినట్టు ఆధారం దొరికినా మిగతావి పెంటాతోనే పూర్తిచేస్తారు. అసలేమీ లేకపోతే డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) మూడు డోసులు నాలుగు వారాల ఎడంతో, పోలియో చుక్కలతో కలిపి. బీసీజీ ఏడాది దాటాక వేయరు. ఎడమ భుజం మీద మచ్చ ఉంటే అది పడినట్టే. మచ్చ లేదని కంగారు వద్దు, బీసీజీ పడ్డా కొందరికి మచ్చ రాదు. విటమిన్-ఎ ద్రావణం కూడా అదే పూట అడగండి, అయిదేళ్లదాకా ఆరు నెలలకోసారి ఇస్తారు. కొత్త కార్డు రాశాక ఫొటో తీసి భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.