బామ్మర్ది పేరున మాత్రం పెట్టొద్దు

మీరు అడిగింది ఇదీ: అమెరికా పౌరసత్వం తీసుకున్నారు, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది, 20 లక్షల లోపు పెట్టుబడితో కర్నూలులో కొర్రలు, జొన్నలతో తినుబండారాలు చేసే చిన్న యూనిట్ పెట్టాలనుకుంటున్నారు. అక్కడి స్నేహితుడొకాయన కూడా వాటా పెడతానంటున్నాడు. "నువ్వు ఫారినర్‌వి, నీ పేరున అయితే నూటెనిమిది కాగితాలు, బామ్మర్ది పేరున పెట్టేయ్" అని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?

నేను 2022లో టెక్సాస్ నుంచి వచ్చేసి కర్నూలులోనే సి క్యాంపు దగ్గర గానుగ నూనె కొట్టు పెట్టాను. నాదీ అమెరికా పాస్‌పోర్టే. మీకు ఇచ్చిన సలహానే నాకూ ఇచ్చారు. నేను విన్నాను. అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నా.

మా బామ్మర్ది మోసగాడు కాదు, ముందు అది చెప్పాలి. అద్దె అగ్రిమెంటు, కరెంటు ఖాతా, ఫుడ్ లైసెన్సు అన్నీ వాడి పేరునే తీసుకున్నాం. డబ్బు మాత్రం నాది. గానుగ దగ్గర నిలబడేదీ నేనే. మొదటి ఏడాది బాగానే నడిచింది. రెండో ఏడాది వాడు ఇంటి లోనుకు పోతే బ్యాంకువాళ్లు కొట్టు అమ్మకాలన్నీ వాడి ఆదాయమే అన్నారు. కాదని ఎట్లా అంటాడు? ఆదాయపు పన్ను కూడా వాడి లెక్కలోనే పడింది. ఆ డబ్బు నేనివ్వాలా, వాడు కట్టాలా అని మొహమాటం. ఒక పెళ్లిలో మా అత్త ఎవరితోనో "కొట్టు మావాడిదే, అల్లుడు చూసుకుంటున్నాడు" అంది. తప్పేముంది? కాగితాల్లో ఉన్నదదే.

తర్వాత నా పేరుకు మార్చుకోబోతే ఫుడ్ రిజిస్ట్రేషన్ అట్లా బదిలీ కాదన్నారు, కొత్తది తీసుకోవాలి. లేబుల్ మీద ఆ 14 అంకెల నంబరు ఉండాలి కాబట్టి అచ్చేయించిన మూడు వేల లేబుళ్లు దండగ. ఖాతా మారింది, అగ్రిమెంటు మారింది. నాలుగు నెలలు పట్టింది.

ఇంత అవస్థ అసలు అవసరమే లేదని తెలిసినప్పుడు కడుపు మండింది. ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు సొంత పేరునే, ఒక్కరే యజమానిగా ఉండే ప్రొప్రైటర్‌షిప్ పెట్టుకోవచ్చు. 2019 నాటి ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల్లోనే ఉంది. పెట్టుబడి బ్యాంకు ద్వారా గానీ ప్రవాసులు ఇక్కడి బ్యాంకుల్లో తెరిచే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల నుంచి గానీ రావాలి. పెట్టిన డబ్బును నేరుగా విదేశానికి వెనక్కి పట్టుకెళ్లని పద్ధతిలో పెట్టాలి. వ్యవసాయం, తోటలు, రియల్ ఎస్టేట్ వ్యాపారం, పత్రికలు కుదరవు. నూనె ఆడించడం, మురుకులు చేయడం వాటిలోకి రావు. పాన్ కార్డుకు మాత్రం ఇక్కడి పౌరుల ఫారం కాదు, విదేశీ పౌరుల ఫారం నింపాలి. నెట్ సెంటర్ కుర్రాడు అలవాటు కొద్దీ మొదటిదే నింపుతాడు, పక్కన నిలబడి చూసుకోండి.

ఆధార్ విషయంలో కొంచెం ఓపిక పట్టాలి. ఓసీఐ వాళ్లు గడిచిన 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉంటేనే దానికి అర్హులు. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్ లేకుండా జరగదు, అది లేనిదే చిన్న పరిశ్రమల లోన్ల మాట ఎత్తడం కష్టం. కాబట్టి మొదటి ఆరు నెలలకు లోను మీద ఆశ పెట్టుకోకుండా చేతిలో డబ్బుతోనే లెక్క వేసుకోండి.

జీఎస్టీ గురించి కర్నూలువాళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ చెబుతారు. నిజమే. కానీ మన అమ్మకమంతా హైదరాబాదులో ఉన్న చుట్టాలకూ స్నేహితులకూ కదా! తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. అలంపురంలో ఉన్నాయనకు డబ్బా పంపినా అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే. అప్పుడు 40 లక్షల మినహాయింపు వర్తించదు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. నాకు అప్పటికి ఆధార్ లేదు కాబట్టి అధికారి వచ్చి కొట్టు చూసి, ఫోటోలు తీసుకుని పోయారు. టీ తాగి, అర లీటరు నూనె డబ్బిచ్చి కొనుక్కున్నారు కూడా.

మీ వాళ్లు రేపు ఇంకో సలహా కూడా ఇస్తారు: రోడ్డు పక్కన పొలం కొని షెడ్డు వేసెయ్ అని. ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు, ఫామ్‌హౌస్ కూడా అంతే. వారసత్వంగా వస్తే వేరే సంగతి. నేను కోడుమూరు దారిలో రెండెకరాలకు నోటిమాట మీద 50 వేలు అడ్వాన్సు ఇచ్చాక డాక్యుమెంటు రైటర్ చెప్పాడు. అది వెనక్కి రావడానికి ఎనిమిది నెలలు. అప్పుడు మా మామ "నీ డబ్బు, నా పేరు" అన్నాడు. దానికి బినామీ అని పేరు. 2016 సవరణ తర్వాత ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, ఆస్తి విలువలో 25 శాతం దాకా జరిమానా. మామకు ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అద్దెకు తీసుకోండి, హాయి.

ఇక అమెరికా వైపు. ఇక్కడ ఎవరూ చెప్పనిది ఇదే. మనం ఎక్కడున్నా అక్కడి పన్ను రిటర్న్ వేయాలి, అది మీకు తెలుసు. ప్రొప్రైటర్‌షిప్ లాభం అక్కడ స్వయం ఉపాధి కిందికి వస్తుంది. ఏడాదికి 400 డాలర్లు దాటితే సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వైద్యం) కింద 15.3 శాతం దాకా పడుతుంది. రెండు దేశాల మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు కాబట్టి ఇక్కడ పన్ను కట్టానన్నా అది తప్పదు. సరే, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడదామంటే ఆ పన్ను తప్పవచ్చు గానీ విదేశీ కంపెనీలో వాటా చూపించే 5471 ఫారం ఏటా అక్కడ వేయాలి. వేయకపోతే 10 వేల డాలర్ల జరిమానా. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10 వేల డాలర్లు దాటినా విదేశీ ఖాతాల వివరాలు అమెరికాకు చెప్పే ఎఫ్‌బార్ వేయాలి. కర్నూలు ఆడిటర్‌కు అమెరికా ఫారాలు తెలియవు, అక్కడి అకౌంటెంట్‌కు మన ప్రొప్రైటర్‌షిప్ అంటే ఏంటో తెలియదు. ఇద్దరినీ ఒకే వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, రిజిస్ట్రేషన్‌కు ముందే ఏ రూపం మంచిదో తేల్చుకోండి. నాకు గంట ఖర్చయింది. ఆ గంట ఏదో రెండేళ్ల ముందే పెట్టి ఉంటే బాగుండేది.

మీ స్నేహితుడి సంగతి వేరు. ఆయనకు భారతీయ మూలాలు లేకపోతే ప్రొప్రైటర్‌షిప్ దారి మూసుకున్నట్టే. టూరిస్టు వీసా మీద వచ్చి వ్యాపారం చేయకూడదు, బిజినెస్ వీసా కావాలి. ఆయన వాటాకు ప్రైవేట్ లిమిటెడ్ తేలిక. ఇద్దరు డైరెక్టర్లు, వాళ్లలో ఒకరైనా ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉన్నవాళ్లు కావాలి. ఆయన పాస్‌పోర్టు, చిరునామా కాగితాలకు అక్కడే నోటరీ, అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) చేయించి తెమ్మనండి. డబ్బు వచ్చిన 60 రోజుల్లో షేర్లు కేటాయించి, కేటాయించిన 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకు ఫారం వేయాలి. 20 లక్షల మురుకుల యూనిట్‌కు ఇంత తతంగమా అంటే, నేనైతే స్నేహితుణ్ణి మొదటి రెండేళ్లు బయటే ఉండమంటాను.

వ్యాపారం మాటకొస్తే కాగితాల కంటే బజారే కష్టం. లీటరు నూనెకు రెండున్నర కిలోల బుడ్డల (వేరుశనగ) విత్తనం కావాలి. కిలో 120 అనుకుంటే విత్తనానికే 300 రూపాయలు. నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే కొంత వెనక్కి వస్తుంది. పక్క కొట్లో పామాయిల్ ప్యాకెట్ చూసి వచ్చినవాళ్లు "ఏందన్నా, అమెరికా రేటు పెట్టినావా?" అంటారు. ఇంటినుంచి క్యాను తెచ్చి పోయమంటారు. విడి నూనె అమ్మకూడదు, సీలు వేసిన డబ్బాలోనే ఇవ్వాలి. వాళ్ల విత్తనం వాళ్లే తెస్తే కూలికి ఆడించి ఇస్తాను. ఆదోని యార్డులో ఒకసారి తేమ చూడకుండా కాయ కొన్నాను, బూజు పట్టింది. గానుగ నూనెకు రిఫైనింగ్ ఉండదు, ఆ బూజు విషం కొంత నూనెలోకీ వస్తుంది. లాటంతా పారేశాను. అరువు ఖాతా పుస్తకం మాత్రం తెరవకండి. ఒక్కరికి రాస్తే పేటంతా వస్తుంది.

ఇప్పుడు లైసెన్సు మీద నా పేరుంది. బామ్మర్ది ఆదివారాలు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, నెలకు జీతం తీసుకుంటాడు. మీ స్నేహితుడు ఏ దేశం పాస్‌పోర్టు మీద వస్తున్నాడో రాయండి. మన దేశంతో భూసరిహద్దు ఉన్న దేశాలవాళ్లయితే ప్రభుత్వ అనుమతి ప్రత్యేకంగా తీసుకోవాలి, అప్పుడు నేను చెప్పిన వరుస కొంత మారుతుంది.