‘వచ్చిన’లో దాగిన విభక్తి

ప్రశ్న: ‘నేను పరీక్ష రాసిన పెన్ను పోయింది’ అనే వాక్యాన్ని ఇంగ్లిష్‌లో ‘ద పెన్ విచ్ ఐ రోట్ ద ఎగ్జామ్ ఈజ్ లాస్ట్’ అని రాస్తే మా అధ్యాపకులు తప్పని కొట్టేశారు. వస్తువులకు ‘విచ్’ వాడాలన్న నియమం పాటించాను కదా, తప్పు ఎక్కడుందో వివరించగలరు.
— డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: ‘విచ్’ను ఎంచుకోవడంలో పొరపాటు లేదు. దాని ముందు ఉండవలసిన ‘విత్’ జారిపోయింది. అందుకు కారణం మీ అజాగ్రత్త కాదు, తెలుగు వాక్యపు అల్లిక.

‘వచ్చిన’ అనే మాట తీసుకోండి. మా ఇంటికి వచ్చిన మనిషి, నేను వచ్చిన బస్సు, నేను వచ్చిన రోజు, నేను వచ్చిన పని: నాలుగు చోట్లా మాట ఒక్కటే. మన వ్యాకరణం ధాతుజ విశేషణం అని పిలిచే ఈ రూపం నామవాచకానికి ముందు చేరగానే ఆ నామవాచకానికి ఉండవలసిన విభక్తి లోపిస్తుంది. ‘బస్సులో వచ్చాను’లోని ‘లో’, ‘పని మీద వచ్చాను’లోని ‘మీద’ కనబడకపోయినా వినేవారికి అర్థం చెడదు. మన భాషలో నాకు ఎంతో ఇష్టమైన పొదుపు ఇది. ఇంగ్లిష్‌లో మాత్రం ‘ద మ్యాన్ హూ కేమ్ టు అవర్ హౌస్’, ‘ద బస్ ఇన్ విచ్ ఐ కేమ్’, ‘ద డే వెన్ ఐ కేమ్’, ‘ద వర్క్ ఫర్ విచ్ ఐ కేమ్’ అని ఒక్కో సంబంధాన్నీ విడిగా పలకాలి.

కాబట్టి ఇంగ్లిష్‌లో రాసే ముందు విశేషణాన్ని విప్పి పూర్తి వాక్యం చేసుకోండి. ‘ఆ పెన్నుతో పరీక్ష రాశాను’ అనగానే దాగిన ‘తో’ బయటపడుతుంది, అదే ‘విత్’. అప్పుడు ‘ద పెన్ విత్ విచ్ ఐ రోట్ ద ఎగ్జామ్ ఈజ్ లాస్ట్’ అవుతుంది. మాటల్లోనైతే ‘విత్’ను వెనక్కి పంపి ‘ద పెన్ దట్ ఐ రోట్ ద ఎగ్జామ్ విత్’ అంటారు, అదీ సరైనదే. ‘విత్ దట్’ అని మాత్రం రాయకండి. ప్రిపోజిషన్ వెంటనే వచ్చే చోట ఈ ‘దట్’ ఇమడదు.

‘నేను చదివిన పుస్తకం’ వంటి చోట ప్రిపోజిషన్ అవసరం లేదు, ‘ద బుక్ విచ్ ఐ రెడ్’ చాలు. దాని చివర ‘ఇట్’ చేర్చడం నేను తరచుగా చూసే పొరపాటు. పుస్తకానికి బదులుగా ‘విచ్’ ఉండగా ‘ఇట్’కు చోటు లేదు.

మనుషుల విషయంలో ప్రిపోజిషన్ ముందుంటే ‘హూ’ కాస్తా ‘హూమ్’ అవుతుంది. ‘నేను డబ్బు ఇచ్చిన అబ్బాయి’ని విప్పితే ‘అబ్బాయికి’ అని వస్తుంది కనుక ‘ద బాయ్ టు హూమ్ ఐ గేవ్ ద మనీ’ అని రాయాలి.