ఫారంలో మేనమామ పేరు రాస్తే అమ్మాయి ఆఫర్ పోతుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. నేను ప్రభుత్వ టీచర్ని. మా అమ్మాయి బీటెక్ అయిపోయింది. హైదరాబాద్‌లో రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి ఐటీ సర్వీసుల కంపెనీ, రెండోది ఒక పెద్ద ఆడిట్ సంస్థ. రెండు చోట్లా జాయినింగ్ కాగితాలతో పాటు ‘కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రస్ట్’ డిక్లరేషన్ నింపమన్నారు. మీ బంధువులెవరైనా మాతో వ్యాపారం చేస్తున్నారా, మీకు వేరే ఆదాయం ఉందా, షేర్లు ఉన్నాయా అని అడుగుతున్నారు. మా బావమరిది ఆ ఐటీ కంపెనీకి క్యాబ్‌లు తిప్పుతాడు. అమ్మాయి పేరు మీదున్న డీమ్యాట్ ఖాతాలో నేను షేర్లు కొంటూ అమ్ముతూ ఉంటాను. ఇవన్నీ రాస్తే ఆఫర్ రద్దు చేస్తారేమోనని భయం. మా అన్నగారబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ‘అన్నిటికీ నో అని టిక్ పెట్టేయండి, ఎవరూ చూడరు’ అంటున్నాడు. తను ఒక కంపెనీలో ఉంటూనే రాత్రిళ్లు ఇంకో కంపెనీకి పనిచేస్తాడు, అమ్మాయినీ అలాగే చేయమంటున్నాడు. రెండిట్లో దేనికి రూల్స్ తక్కువో చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: నమస్తే మాస్టారూ. ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. మేనమామ క్యాబ్‌లు తిప్పుతున్నాడని రాసినందుకు ఫ్రెషర్ ఆఫర్ పోయిన కేసు నా దగ్గరికి ఇంతవరకూ ఒక్కటీ రాలేదు. దాచిపెట్టి, ఏడాదికో రెండేళ్లకో బయటపడి, ఉద్యోగం పోయాక నా ఎదురుగా కూర్చుని ఏడ్చిన పిల్లలు మాత్రం ఉన్నారు. వాళ్లలో ఎవరూ నిజానికి తప్పుడు పని చేయలేదు. ఒకబ్బాయి అన్నయ్య అదే కంపెనీకి మనుషుల్ని సప్లై చేసే సంస్థలో పనిచేసేవాడు, అంతే. ఆ ముక్క రాసుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. రాయలేదు కాబట్టి ఎందుకు దాచావన్న ప్రశ్న వచ్చింది. దానికి అతని దగ్గర జవాబు లేదు.

మీరు టీచరు కాబట్టి మీకు తెలిసిన సంగతే చెబుతాను. పదో తరగతి పరీక్షల్లో మీ అమ్మాయి రాసిన సెంటర్లో మీకు ఇన్విజిలేషన్ వేశారా? వేయరు. దగ్గరి బంధువులెవరైనా పరీక్ష రాస్తున్నారా అని ముందే అడుగుతారు. మీరు ఉన్నారంటారు, మిమ్మల్ని వేరే సెంటర్‌కి పంపుతారు. అప్పుడు మిమ్మల్ని ఎవరైనా దొంగలా చూశారా? లేదు కదా. అదే, చెప్పకుండా మీ అమ్మాయి రాసే గదిలోనే నిలబడి ఉంటే? మీరు ఒక్క అక్షరం అందించకపోయినా రేపు ఎవడైనా వేలెత్తి చూపిస్తాడు. ఆ అమ్మాయి మార్కులకే మచ్చ. మన పత్రికలు ‘పరస్పర విరుద్ధ ప్రయోజనాలు’ అని రాసేది దీన్నే. రెండు వైపులా మన మనిషే ఉన్నప్పుడు మన నిర్ణయాన్ని ఎదుటివాడు నమ్మడు.

ఈ ఫారాలు ఉత్త కాగితాలని మాత్రం అనుకోకండి. 2008 డిసెంబరులో మన హైదరాబాద్‌లోనే ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. సత్యం కంప్యూటర్స్ అనే ఐటీ కంపెనీ బోర్డు, దాని ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. కొనేదీ అమ్మేదీ ఒకే ఇంటివాళ్లయితే ధర సరైనదో కాదో చెప్పేదెవరు? మదుపుదారులు మండిపడ్డారు, కొన్ని గంటల్లోనే ఆ ఒప్పందం వెనక్కి పోయింది. ఆ తర్వాత సుమారు మూడు వారాలకే, 2009 జనవరి 7న, ఖాతాల మోసం ఒప్పుకుంటూ రాజు లేఖ రాశారు. తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టంలో సంబంధీకులతో లావాదేవీల కోసం 188వ సెక్షన్ ఉంది. మీ అమ్మాయి ముందున్న ఫారం అడిగే ప్రశ్న కూడా అదే జాతిది. కంపెనీ యజమానికి పెద్ద అక్షరాల్లో వచ్చే ప్రశ్న కొత్త ఉద్యోగికి చిన్న అక్షరాల్లో వస్తుంది.

ఇక మీ బావమరిది విషయం. అమ్మాయి కోడ్ రాసే టీంలో చేరుతుంది. క్యాబ్ కాంట్రాక్టు చూసేది ట్రాన్స్‌పోర్ట్, పర్చేజ్ విభాగాలవాళ్లు. ఆమె ఫారం చదివి హెచ్ఆర్ ఫైల్లో పెట్టుకుంటారు. మహా అయితే ‘మీకు ఆ సంస్థలో వాటా ఉందా’ అని ఒక మెయిల్ వస్తుంది. సరిగ్గా ఇక్కడే నేను మిమ్మల్ని ఒకటి అడగాలి, దాచకుండా జవాబు చెప్పండి. ఆ క్యాబ్‌ల సంస్థలో మీ అమ్మాయి పేరు ఎక్కడైనా ఉందా? లోన్ కోసమో, పన్ను కలిసొస్తుందనో ఇంట్లో ఆడపిల్ల పేరు పెట్టి ‘పేరుకే పార్టనర్’ అనడం మన దగ్గర మామూలే. పేరుకే అన్న మాట కంపెనీ పాలసీలో ఉండదు. పేరుంటే వాటా ఉన్నట్టే. అలాంటిదేమైనా ఉంటే చేరకముందే మంచి ఆడిటర్ దగ్గర, వాటా నుంచి తప్పుకున్నట్టు పత్రం (రిటైర్‌మెంట్ డీడ్) రాయించండి. ఫలానా తేదీ వరకు ఉన్నాను, ఇప్పుడు లేను అని ఫారంలో రాయించండి. లేకపోతే రాయాల్సింది మూడు ముక్కలే: ‘మా మేనమామ ఈ ఆఫీసుకు క్యాబ్‌లు నడుపుతారు. ఆ వ్యాపారంలో నాకు వాటా లేదు. దాన్నుంచి నాకు ఆదాయం లేదు.’

మీ బావమరిదికి కూడా ఒక మాట చెప్పండి. ‘కొత్త టెండర్ ఎప్పుడేస్తారో, వేరేవాళ్లు రేటు ఎంత కోట్ చేశారో కొంచెం కనుక్కో తల్లీ’ అని మేనకోడల్ని ఎప్పుడూ అడగకూడదు. ఆయన ప్రేమగానే అడుగుతాడు, ఆ పిల్ల మొహమాటానికి కనుక్కుంటుంది. ఉద్యోగాలు పోయేది ఇలాంటి చోటే. దీపావళికి ఇంటికి స్వీట్లు తెస్తే తెచ్చుకోనివ్వండి. ఆమె మేనేజర్ ఇంటికి మాత్రం ఆ డబ్బా వెళ్లకూడదు.

ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది క్యాబ్‌లు కాదు, ఆ డీమ్యాట్ ఖాతా. అమ్మాయి మేజర్. ఖాతా ఆమెది, పాన్ ఆమెది, సంతకం ఆమెది. పాస్‌వర్డ్ మీ దగ్గర, ఓటీపీ మీ ఫోన్‌కి. ఏ షేర్లు ఉన్నాయో ఆమెకు తెలుసా? ఇరవై రెండేళ్ల పిల్ల ‘నా దగ్గర ఫలానా షేర్లున్నాయి’ అని సంతకం పెట్టాలంటే ఆ సంగతి నాన్నని అడిగి తెలుసుకోవాలా? మీకు లాభం వచ్చిందో నష్టం వచ్చిందో నాకు అక్కర్లేదు. ఆమె ఆడిట్ సంస్థలో చేరితే మాత్రం మీ సరదా ఆమె మెడకు చుట్టుకుంటుంది.

ఎందుకో చెబుతాను. ఆడిట్ సంస్థ పని ఇంకో కంపెనీ లెక్కలు నిజమో కాదో చెప్పడం. అదే కంపెనీలో ఆడిటర్‌కి షేర్లుంటే ఆ లెక్కల్ని ఎవరు నమ్ముతారు? అందుకే 2013 కంపెనీల చట్టం 141వ సెక్షన్ ప్రకారం ఆడిటర్‌కి గానీ భాగస్వామికి గానీ ఆ కంపెనీలో షేర్లు ఉండకూడదు. బంధువులకైతే ముఖ విలువ (షేరు మీద రాసి ఉండే విలువ) లక్ష రూపాయల వరకే మినహాయింపు. పెద్ద సంస్థల సొంత రూల్స్ ఇంకా బిగుతుగా ఉంటాయి. కొనకూడని కంపెనీల జాబితా ఇస్తారు. కొనే ముందు చూసుకోమంటారు. ఉన్నవాటిని గడువులోగా అమ్మేయమంటారు. అప్పుడప్పుడు స్టేట్‌మెంట్లు తెప్పించి సరిచూస్తారు. ‘మా నాన్న కొన్నారు, నాకు తెలీదు’ అన్న జవాబు అక్కడ చెల్లదు. కాబట్టి ఈ వారంలోనే ఖాతాకి ఆమె ఫోన్ నంబరు పెట్టించండి, పాస్‌వర్డ్ మార్పించండి. మీకు ట్రేడింగ్ కావాలంటే మీ పేరు మీద ఖాతా తెరుచుకుని చేసుకోండి. మీరూ ప్రభుత్వ ఉద్యోగే కాబట్టి మీకు వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమావళి కూడా ఒకసారి తీసి చదవండి.

మీ అన్నగారబ్బాయి రెండు ఉద్యోగాల సంగతికి వద్దాం. ఇప్పుడు ఇదో ఫ్యాషనైంది. ‘ఒక్క జీతంతో హైదరాబాద్‌లో బతకలేం’ అనే మాట వింటే నాకూ జాలి వేస్తుంది, ఫ్రెషర్ల జీతాలు నిజంగానే తక్కువ. కానీ ఆ దారి మీద నాకు అనుమానాలు చాలా ఉన్నాయి. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, తమ దగ్గర ఉంటూ పోటీ కంపెనీలకు పనిచేస్తున్న 300 మందిని తీసేశామని బహిరంగంగానే చెప్పారు. అంతకు ముందు నెలలోనే ఆయన దీన్ని మోసం అన్నారు. ఇన్ఫోసిస్ అదే సెప్టెంబరులో ఉద్యోగులకు హెచ్చరిక మెయిల్ పంపింది. తర్వాత నెలలో కొంచెం సడలించి, కంపెనీకి పోటీ కాని బయటి పనిని ముందస్తు అనుమతితో చేసుకోవచ్చంది. స్విగ్గీ ఆగస్టులోనే అనుమతి ఇచ్చే పాలసీ పెట్టింది. వీళ్లలో ఒకరు కఠినం, ఒకరు ఉదారం అనిపిస్తుంది గానీ, ఉదారంగా ఉన్నవాళ్లు కూడా అడిగి చేయమనే అన్నారు.

‘ఎవరికీ తెలీదు’ అన్న ధైర్యం ఎంత పలచనిదో చూడండి. ఎన్ని కంపెనీలు మారినా పీఎఫ్‌కి యూఏఎన్ అనే నంబరు మనిషికి ఒక్కటే. ఒకే నెలలో రెండు కంపెనీల నుంచి సొమ్ము పడితే పాస్‌బుక్‌లో రెండూ కనిపిస్తాయి. జీతంలోంచి పన్ను (టీడీఎస్) కోసిన ప్రతి కంపెనీ పేరూ ఆదాయపు పన్ను శాఖ రికార్డులో ఉంటుంది. ఉద్యోగం మారేటప్పుడు వెరిఫికేషన్ వాళ్లు సర్వీస్ వివరాలు అడుగుతారు. కంపెనీ ల్యాప్‌టాప్‌లో బయటి పని చేస్తే అది రికార్డవుతుంది, ఆ పని కూడా కంపెనీదేనని వాళ్లు వాదించవచ్చు. ఒకే రోజు రెండు చోట్ల పనిచేయకూడదన్న రూలు ఫ్యాక్టరీల కోసం పెట్టింది, అది సాఫ్ట్‌వేర్‌కి వర్తించదు అని కొందరు కుర్రాళ్లు నాతో వాదిస్తారు. కానీ వాళ్ల చేతిలోని అపాయింట్‌మెంట్ లెటర్‌లో ‘వేరే ఉద్యోగం చేయను’ అని రాసి ఉంటుంది, కింద వాళ్ల సంతకమే ఉంటుంది. ఉద్యోగం తీసేయడానికి కంపెనీకి ఆ సంతకం చాలు. మీవాళ్లెవరైనా అమెరికాలో హెచ్-1బి మీద ఉంటే ఇంకా జాగ్రత్త. అక్కడ తమ తరఫున వీసా పిటిషన్ వేయని కంపెనీకి పనిచేస్తే ఏకంగా వీసాకే ముప్పు.

దొరికిపోవడాన్ని పక్కన పెట్టినా నా బెంగ ఇంకొకటి. మొదటి రెండేళ్లు పని నేర్చుకునే వయసు. పగలు ఎనిమిది గంటలు ఒకరికి, రాత్రి ఐదు గంటలు ఇంకొకరికి అమ్మేస్తే నేర్చుకునేది ఎప్పుడు? అలా చేసిన పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చారు. డబ్బులు మిగిలాయి, నిజమే. మూడేళ్ల అనుభవం రాసుకున్నారు, ఇంటర్వ్యూలో ఏడాది అనుభవం ఉన్నవాళ్లలా తడబడ్డారు. అమ్మాయికి ఖాళీ ఉంటే వీకెండ్‌లో పిల్లలకు లెక్కలు చెప్పమనండి, పాటలు పాడి యూట్యూబ్‌లో పెట్టమనండి. అది కూడా మేనేజర్‌కి ఒక మెయిల్ రాసి, సరే అన్న జవాబు దాచుకున్నాకే.

రూల్స్ ఎక్కడ తక్కువ అన్నారు. షేర్ల దగ్గర ఆడిట్ సంస్థ కఠినం. బయటి పని, క్లయింట్ డేటా దగ్గర ఐటీ కంపెనీ కఠినం. అంతకు మించి పోల్చి లాభం లేదు, ఎందుకంటే రూల్స్ చూసి ఉద్యోగం ఎంచుకోవడమే సరికాదు. ఆమెకు ప్రోగ్రామింగ్ ఇష్టమైతే ఐటీ, కంపెనీల లెక్కలూ సిస్టమ్‌లూ పరిశీలించడం ఇష్టమైతే ఆడిట్. రెండూ మంచి ఆఫర్లే. రెండు చోట్లా ఆమె నిజం రాసి హాయిగా చేరవచ్చు. మీ బావమరిది వ్యాపారానికీ ఏమీ కాదు.

అమ్మా, ఈ కొంచెం నీకోసం. ఫారం నువ్వే నింపు, నాన్నగారితో నింపించకు. అనుమానమున్న ప్రతి గడి దగ్గరా ‘అవును’ అని రాసి పక్కన రెండు వాక్యాల్లో వివరం ఇవ్వు. అర్థం కాకపోతే ‘ఇది రాయాలా’ అని హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టు. ఫోన్లో అడగకు, రాతలో ఉంటే నీకే మంచిది. నింపిన ఫారం కాపీ ఒకటి నీ సొంత మెయిల్లో దాచుకో. తర్వాత పరిస్థితి మారితే, అంటే తమ్ముడు అదే కంపెనీలో చేరినా, పెళ్లయ్యాక భర్త పోటీ కంపెనీలో ఉన్నా, మళ్లీ తెలియజేయాలి. ముందుగా ఆ డీమ్యాట్ స్టేట్‌మెంట్ తీసి నాన్నగారితో కూర్చుని చూడు. ఏ షేరు ఎన్ని ఉన్నాయో రాసుకున్నాకే ఆ గడి నింపు.