నెలంతా ఓపెన్, సేవ్ అంటున్నారు... సెంటర్ మార్చమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. సాయంత్రాలు ఫొటోషాప్ నేర్చుకోవడానికి ఊళ్లోనే ఒక డీటీపీ సెంటర్‌లో చేర్పించాం. నెల కావస్తోంది. ఇంకా ఫైల్ తెరవడం, సేవ్ చేయడం, సైజు మార్చడం దగ్గరే ఉన్నారు. వేరే సెంటర్‌లో మొదటి వారంలోనే బ్యాక్‌గ్రౌండ్ మార్చడం, ఎఫెక్టులు నేర్పేస్తున్నారట. ఫీజు దండగేనా? సెంటర్ మార్చమంటారా? ల్యాప్‌టాప్ కూడా కొనమంటోంది.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇప్పుడే మార్చకండి. ముందు ఆ సెంటర్‌లో చెబుతున్నది సరిగ్గా చెబుతున్నారో లేదో కనుక్కోండి. అదెలాగో కూడా చెబుతాను.

బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం ఇవాళ ఫోన్‌లోనే ఒక్క నొక్కుతో అయిపోతోంది. అదొక్కటే వచ్చినవాళ్లకు జీతమిచ్చి పెట్టుకునేవాళ్లు తక్కువ. స్టూడియో యజమానికైనా ఆల్బమ్ ల్యాబ్‌కైనా కావాల్సింది నమ్మకంగా ఫైల్ అప్పజెప్పగలిగే మనిషి. పెళ్లివాళ్ల ఫొటోలు చేతికిస్తే పోగొట్టకుండా, చెడగొట్టకుండా, అడిగిన సైజులో తిరిగివ్వాలి. మీ అమ్మాయి ఇప్పుడు నేర్చుకుంటున్నది సరిగ్గా ఈ పనే.

పెళ్లి ఆల్బమ్‌నే తీసుకోండి. మన దగ్గర ఎక్కువగా 12x36 అంగుళాల షీట్లు వేస్తారు. ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు) అనుకుంటే ఒక్కో షీటు 3,600x10,800 పిక్సెళ్లు. కొత్త ఫైల్ తెరిచేటప్పుడే ఈ లెక్క పెట్టుకోవాలి. 72 రిజల్యూషన్‌తో, అంటే అంగుళానికి 72 పిక్సెళ్లతో మొదలుపెట్టి, అంతా అయ్యాక పెంచితే స్క్రీన్ మీద చిన్నగా చూసినప్పుడు బాగానే ఉంటుంది. ప్రింటు చేతికొచ్చాక ముఖాలు మసగ్గా కనిపిస్తాయి. అప్పుడు చేయగలిగిందేమీ ఉండదు.

ఆ షీటు మీద పెళ్లికూతురి ఫొటో ఒక లేయర్ (ఒకదానిమీద ఒకటి పరిచే పొర), పూల అంచు ఇంకో లేయర్, పేర్లు మరో లేయర్. పీఎస్‌డీగా, అంటే ఫొటోషాప్ సొంత ఫైల్‌గా సేవ్ చేస్తే ఇవన్నీ విడివిడిగానే ఉంటాయి. జేపీజీగా సేవ్ చేస్తే అతుక్కుపోయి ఒకే బొమ్మ అయిపోతాయి. రేపు ప్రింటుకు వెళ్తుందనగా పెళ్లివారు ఫోన్ చేసి ‘అబ్బాయి పేరులో ఒత్తు పోయిందండీ’ అంటారు. ఇది ఈ పనిలో మామూలే. పీఎస్‌డీ ఉంటే పేరున్న లేయర్‌లో ఒత్తు పెట్టి రెండు నిమిషాల్లో పంపేయొచ్చు. జేపీజీ ఒక్కటే మిగిలితే ఆ షీటు మళ్లీ మొదటినుంచి చేయాల్సి రావచ్చు. పైగా జేపీజీని తెరిచి, దిద్ది, మళ్లీ జేపీజీగానే సేవ్ చేస్తున్న కొద్దీ నాణ్యత తగ్గుతూ పోతుంది. అక్షరాల అంచుల చుట్టూ మరకల్లాంటివి మొదట కనిపిస్తాయి.

తెలుగులో పనిచేసేవాళ్లకు ఇంకో చిక్కుంది. డీటీపీలో వాడే అను అనే తెలుగు ఫాంట్లలో టైప్ చేసిన పేరును ఆ ఫాంట్లు లేని ల్యాబ్ కంప్యూటర్‌లో దిద్దబోతే అర్థంలేని గుర్తులు వస్తాయి. అందుకే ల్యాబ్‌కు పంపే కాపీలో అక్షరాలను షేప్‌గా (ఫాంట్ అవసరంలేని బొమ్మగా) మార్చేసి, దిద్దడానికి వీలున్న అసలు ఫైల్ తమ దగ్గరే ఉంచుకోవాలి. ఈ సంగతి సెంటర్‌లో చెప్పారో లేదో అడగండి. చెప్పి ఉంటే అక్కడ పని తెలిసినవాళ్లు ఉన్నట్టే.

డీటీపీ షాపు కౌంటర్ దగ్గరా ఇదే కథ. బ్యాంకు పరీక్షకు అప్లై చేయాలని ఒకరు వస్తారు. ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ ఉండాలి. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు, చివరి తేదీ అని అందరికీ టెన్షన్. ఇక్కడే కొత్తవాళ్లు పొరపాటు చేస్తారు. కస్టమర్ ఇచ్చిన ఒకే ఒక్క ఫొటోను తెరిచి, చిన్నది చేసి, కంట్రోల్ ఎస్ నొక్కేస్తారు. పెద్ద ఫొటో పోయింది. తర్వాత అదే మనిషి పాస్‌పోర్ట్ సైజు ప్రింట్లు కూడా కావాలంటే ఇవ్వడానికేమీ లేదు. ఫైల్ తెరవగానే ముందు సేవ్ యాజ్ కొట్టి వేరే పేరు పెట్టుకోవడం చేతికి అలవాటైపోవాలి. ఆ అలవాటు ఒక క్లాసుతో రాదు, రోజూ చేస్తేనే వస్తుంది.

ఇక ఇంట్లో పరీక్ష. ఫోన్‌లో తీసిన ఫొటో ఒకటి అమ్మాయికిచ్చి 35x45 మిల్లీమీటర్ల పాస్‌పోర్ట్ ఫొటో చేసి, 4x6 అంగుళాల షీటు మీద ఎనిమిది పెట్టి చూపించమనండి. 300 రిజల్యూషన్‌లో ఒక్కో ఫొటో సుమారు 413x531 పిక్సెళ్లు, షీటు 1,200x1,800. ఎనిమిదీ సరిపోతాయి. పని అయ్యాక మూడు ఫైళ్లు చూపించాలి: ముట్టుకోని అసలు ఫొటో, లేయర్లతో ఉన్న పీఎస్‌డీ, ప్రింటుకిచ్చే జేపీజీ. పేర్లు కూడా చూడండి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘లాస్ట్ ఫైనల్’ అని ఉంటే ఇంకా నేర్చుకోవాల్సింది ఉంది. తేదీ, కస్టమర్ పేరు, సైజు కలిపి పేరు పెడితే ఏడాది తర్వాత వెతికినా దొరుకుతుంది. ఆ ఫైళ్లు ఇంకెక్కడైనా కాపీ ఉన్నాయా అని కూడా అడగండి. పెన్‌డ్రైవ్‌లోంచే నేరుగా తెరిచి పనిచేస్తుంటే వెంటనే మాన్పించండి.

ఇవన్నీ చేసి చూపిస్తే మీ ఫీజు ఎక్కడికీ పోలేదు. మెనూల పేర్లు నోట్‌బుక్‌లో రాయించడమే తప్ప కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం లేదంటే మాత్రం సెంటర్ మార్చేయండి. మరో మాట, నా లెక్కలో ఫైళ్ల పనికి నెల చాలు. వచ్చే నెల నుంచి సెలక్షన్ (ఫొటోలో కావాల్సిన భాగాన్ని ఎంచుకోవడం), మాస్క్ (అక్కర్లేని భాగాన్ని చెరపకుండా దాచడం), రంగులు దిద్దడం మొదలుపెట్టమని గట్టిగానే అడగండి. అడిగే హక్కు మీకుంది.

డిగ్రీ మాత్రం ఆపనివ్వకండి. ఆన్‌లైన్‌లో చీరలు, నగలు అమ్మేవాళ్లకు తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో, ఒకే సైజులో, కోడ్ నంబర్ల ప్రకారం పేర్లు పెట్టిన వందల ఫొటోలు కావాలి. ఆ పనితోపాటు బిల్లులు, జీఎస్టీ చూడగలిగితే చిన్న వ్యాపారికి ఇద్దరు చేసే పని ఒక్కరే చేసిపెట్టినట్టు. బీకాం అక్కడ బాగా పనికొస్తుంది.

ల్యాప్‌టాప్‌కు తొందరలేదు. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే ఫొటోషాప్‌లాంటి గింప్ అనే సాఫ్ట్‌వేర్ వేయించండి, ఉచితం. అందులో సేవ్ అంటే లేయర్లున్న ఫైల్, జేపీజీ కావాలంటే విడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. కాబట్టి ఆ తేడా వాడుతుంటేనే తెలిసిపోతుంది. క్రాక్ చేసిన (డబ్బు కట్టకుండా దొంగతనంగా వాడే) ఫొటోషాప్ జోలికి మాత్రం వెళ్లొద్దు, దాంతో వైరస్ వస్తే కస్టమర్ల ఫైళ్లన్నీ పోవచ్చు. పని దొరికాక కొనేటట్టయితే 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నది చూడండి. బడ్జెట్ వేసేటప్పుడే బ్యాకప్ కోసం ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఖర్చు కూడా కలుపుకోండి.