డాక్స్ బాధ్యత తీసుకున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి, పెదనాన్న ఆశీస్సులు.

మీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు డాక్స్ (దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు), వెబ్‌సైటు నీ చేతికి అప్పగించారని మీ నాన్న చెప్పాడు. సంతోషం. నువ్వు పంపిన ప్లాన్ కూడా చదివాను. మొదటి పని కొత్త థీమ్, రెండోది లోగో, మూడోది డార్క్ మోడ్. ఇన్‌స్టాల్ పేజీ ఊసు తొమ్మిదో నంబర్లో కనబడింది. పందిరి ఘనంగా వేసి వంటవాళ్లని పిలవడం మర్చిపోయినట్టుంది తల్లీ.

ఆ ప్లాన్ నెల రోజులు పక్కన పెట్టు. మూలన పడున్న పాత ల్యాప్‌టాప్ ఒకటి తీసి, ఫార్మాట్ చేసి, లినక్స్ వేసి, మీ ఇన్‌స్టాల్ పేజీ తెరువు. నీకు తెలిసిందేదీ వాడకు. పేజీలో ఏముందో అదే చెయ్యి.

మొన్న రాత్రి నేనే చేసి చూశాను, డెబియన్ 12 అనే లినక్స్ మీద. మొదటి లైనులో పిప్ ఇన్‌స్టాల్ అని, పైథాన్ ప్యాకేజీలు దించే కమాండ్ ఉంది, కొట్టాను. 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. 2023 నుంచి డెబియన్, ఉబుంటు కొత్త వెర్షన్లు సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌ని నేరుగా రానివ్వడం లేదు. ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఆ ప్రాజెక్టుకి విడిగా ఒక పైథాన్ గది, చేసుకోవాలి. మీ వాళ్లకి అది చేతి అలవాటు, అందుకే ఆ ఒక్క లైను రాయాలని ఎవరికీ తోచలేదు. నాకు తెలుసు కాబట్టి దాటాను. డిగ్రీ చదివే కుర్రాడెవరో అయితే తప్పు తనదే అనుకుని ట్యాబ్ మూసేసి పోతాడు. పోయినవాడు ఇష్యూ పెట్టడు. మీ పేజీ మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదని మురిసిపోయావే, దానికి కారణం ఇదే కావచ్చు.

ఇది మీ ఒక్కరి సంగతి కాదు. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ 2017లో చేసిన సర్వేలో, అసంపూర్తిగానో పాతబడిపోయో ఉన్న డాక్స్ తమకు ఎదురయ్యాయని 93 శాతం మంది చెప్పారు. కోడ్ ఇచ్చేవాళ్లలో 60 శాతం మంది డాక్స్‌కి మాత్రం ఎప్పుడో తప్ప చెయ్యి వెయ్యం, లేదా అసలు వెయ్యం అన్నారు. భోజనానికి అందరూ వస్తారు, అంట్లు తోమే వేళకి ఎవరూ ఉండరు.

అందుకని పని నీ ఒక్కదాని నెత్తిన పడకుండా ఏర్పాటు చేసుకో. మీ డాక్స్ ఇప్పుడు వికీలో ఉన్నాయి, కోడ్ రెపోలో (కోడ్ దాచే చోట) ఉంది. వికీని రెపోలోకి తెచ్చెయ్యి. కమాండ్‌లో ఆప్షన్ పేరు మార్చినవాడే, అదే పుల్ రిక్వెస్ట్‌లో (తన మార్పు కలుపుకోమని పంపే అర్జీలో) డాక్స్ లైను కూడా మార్చాలి. మార్చకపోతే మెర్జ్ చేసేది (కలుపుకునేది) లేదని, ప్రాజెక్టు చూసుకునే మెయింటైనర్లచేత ముందే ఒప్పించు. ఈ మాట దగ్గర మొహమాటపడకు. రిలీజు ముందురోజు రాత్రి అందరి వెంటా పడే టెన్షన్ నేను చాలా ఏళ్లు పడ్డాను.

టూలు విషయంలో మాత్రం రెండు వారాలు చర్చలు పెట్టొద్దు. పైథాన్ డాక్స్ ఒకప్పుడు లేటెక్ అనే అచ్చుకూర్పు పద్ధతిలో ఉండేవి. వాటికోసమే గియోర్గ్ బ్రాండ్ల్ స్ఫింక్స్ అనే డాక్స్ టూలు తయారుచేశాడు, 2008లో అది బయటికొచ్చింది. మీదీ పైథానే, అది చాలు. ఎంకేడాక్స్ అనే ఇంకో టూలు ఇష్టమైతే అదీ మంచిదే. స్ఫింక్స్‌లో నాకు నచ్చేది వేరు: డాక్స్‌లో రాసిన కోడ్ ఉదాహరణల్ని నడిపి చూస్తుంది, చచ్చిన లింకుల్ని పట్టిస్తుంది. ఆ రెండు చెక్‌లూ సీఐలో (కోడ్ మారినప్పుడల్లా తనంతట తానే పరీక్షలు నడిపే ఏర్పాటులో) పెట్టేశావంటే నువ్వు నిద్రపోతున్నా కాపలా ఉంటుంది.

రాసేటప్పుడు ఒక పేజీలో ఒక పనే పెట్టు. డానియెలె ప్రోచీడా అనే ఆయన డాక్స్‌ని నాలుగు రకాలుగా విడదీశాడు: చెయ్యి పట్టుకుని నేర్పేవి, ఫలానా పని ఎలా చెయ్యాలో చెప్పేవి, వెతుక్కోవడానికి వివరాలిచ్చేవి, ఎందుకలా ఉందో వివరించేవి. మీ మొదటి పాఠంలో ఈ నాలుగూ కలగాపులగం అయ్యాయి. పప్పు తాలింపు నేర్పుతూ మధ్యలో ఆపి ఇంగువ ఏ దేశం నుంచి వస్తుందో చెబితే ఆవాలు మాడిపోతాయి.

ఇక థీమ్. మార్చు, కాదనను. కానీ పేజీల అడ్రసులు మారనివ్వకు, తప్పనిసరైతే పాతదాని నుంచి కొత్తదానికి రీడైరెక్ట్ పెట్టు. మంచి అడ్రసు మారదని, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే రాశాడు, ఇప్పటికీ సగంమంది వినరు. వెర్షన్ల సంగతీ చూడు. గూగుల్‌లో వెతికినవాళ్లు తరచు పాత వెర్షన్ పేజీలోకే వచ్చి పడతారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు వాళ్లు అడ్రసులో 'కరెంట్' అని పెట్టి, అది ఎప్పుడూ తాజా వెర్షన్‌నే చూపేలా చేశారు. వెబ్‌సైట్లు కట్టే జాంగో డాక్స్‌లో పాత పేజీ తెరిస్తే, ఈ వెర్షన్‌కి ఇక సపోర్ట్ లేదు, భద్రత లేదు అని పైనే హెచ్చరిక కనబడుతుంది. రెండూ నకలు కొట్టు, సిగ్గుపడక్కర్లేదు.

ఇప్పుడు అసలు గుబులు. మీ డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? నేను పనిచేసిన ఒక ప్రాజెక్టుకి అది ఒక వాలంటీరు సొంత అకౌంటులో ఉండేది. ఆయన ఉద్యోగం మారాడు, పాత ఆఫీసు మెయిల్ మూతపడింది, కార్డు గడువు తీరింది. రెన్యూవల్ నోటీసులన్నీ ఎవరూ చూడని డబ్బాలో పడ్డాయి. ఒక సోమవారం పొద్దున సైటు తెరిస్తే మా డాక్స్ స్థానంలో పేకాట ప్రకటనలు! డొమైన్ మళ్లీ దక్కలేదు, కొత్తది కొనుక్కున్నాం. పెద్దవాళ్లకీ తప్పలేదు ఇది. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష సైటు పెర్ల్ డాట్ కామ్‌ని 2021 జనవరిలో దొంగలు కొట్టేశారు, చేతికి తిరిగి రావడానికి వారం పట్టింది. కాబట్టి ఈ వారంలోనే కనుక్కో. డొమైన్, హోస్టింగ్, డీఎన్ఎస్ (అడ్రసుని సర్వరుకి కలిపేది) మూడింటికీ కనీసం ఇద్దరికి తాళాలుండాలి, రెండంచెల లాగిన్ ఉండాలి. నోటీసులు ప్రాజెక్టు మెయిల్‌కి రావాలి.

తెలుగులోకి అనువాదం చేద్దామన్నావు. చెయ్యి, కానీ అన్నీ ఒకేసారి మొదలెట్టకు. ఇన్‌స్టాల్ పేజీ, మొదటి పాఠం, అంతే. ఇంగ్లిషు మారినప్పుడల్లా తెలుగునీ మార్చే మనిషి దొరికాక మూడోది చూద్దువు. పాతబడిన అనువాదం నమ్మకంగా తప్పుదారి పట్టిస్తుంది.

ఒక చిన్న మాట. అక్షరదోషం దిద్ది ఎవరైనా పుల్ రిక్వెస్ట్ పంపితే వీలైనంతవరకు అదే రోజు మెర్జ్ చేసి థాంక్స్ చెప్పు. నేను ఒక ప్రాజెక్టుకిచ్చిన మొదటి మార్పు, అంటే మొదటి కమిట్, ఒక కామా. ఆ ప్రాజెక్టులో పదకొండేళ్లున్నాను.

వచ్చే ఆదివారం వీడియో కాల్ చెయ్యి. ఇన్‌స్టాల్ పేజీ సరిచేసి ఉంచు. మీ పెద్దమ్మ కీబోర్డు ముందు కూర్చుంటానంది, ఆవిడకి టెర్మినల్ (కమాండ్లు కొట్టే తెర) కొత్త. ఆవిడ ఎక్కడ ఆగుతుందో రాసుకో. మధ్యలో నోరు మాత్రం విప్పకు.

నీ పెదనాన్న